సాయంత్రం పొగ

గంజి గుండిగను బండెక్కించిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆళ్లగడ్డ నుంచి నల్లమల వైపు పోయే దారిలో, కాలువ నీళ్లు అందని ఒక పాళెం అది. అందరూ చర్చి అనేవాళ్లు గానీ, అది రేకులు కప్పిన ఒంటి గది. ముందర బండలు పరిచిన వసారా. ఆ వసారాలో మూడు నెలలుగా రోజూ పొద్దున ముసలివాళ్లకూ చిన్నపిల్లలకూ జొన్నగంజి పోస్తూ వచ్చారు. ఆ రోజు గంజి కాయలేదు. తాలూకాఫీసు నుంచి వచ్చిన ఇద్దరు బంట్రోతులు, బండి తోలే మనిషి, ఊరి తలారి కలిసి గుండిగను పొయ్యి రాళ్ల మీద నుంచి దించారు. చేతులు మసి అయ్యాయని ఒక బంట్రోతు విసుక్కున్నాడు.

"ఇంత బరువుండాదేందప్పా, లోపల యవురన్నా కూకోనుండారా?" అన్నాడు బండి మనిషి.

తలారి నవ్వాడు. సత్తు గిన్నెలు పట్టుకుని నిలబడ్డవాళ్లలో కూడా ఒకరిద్దరు నవ్వారు. నేను చొక్కా జేబులోంచి పుస్తకం తీసి, గుండిగ ఒకటి, గరిటెలు రెండు, మిగిలిన జొన్నలు బస్తాన్నర అని రాసుకున్నాను. ఏం చేయాలో తెలియనప్పుడు రాసుకోవడం అప్పటికే నాకు అలవాటైంది.

ముప్పై ఏళ్ల ఆడమనిషి ఒకామె నా దగ్గరకు వచ్చింది. ఆమె అత్త గోడకు ఆనుకుని, గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. గిన్నె ఖాళీగా ఉన్నా రెండు చేతులతో పట్టుకునే ఉంది.

"పేపర్లో రాసిండేది నువ్వేనంట గదప్పా?"

నేనేనని చెప్పాను. ఏం రాశావని అడిగింది. ఈ పాళెంలో పొయ్యి వెలగని ఇల్లు లేదని రాశానన్నాను. ఆమె కాసేపు నా చెప్పుల వైపు చూసింది.

"మా యత్తకు పండ్లు ల్యావు. రొట్టె నమల్లేదు. గంజయితేనే దిగుతాది. రేపట్నుంచి యాడికి తోలుకపోవల్ల?"

నేను పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాను. బండి కదిలింది. గుండిగ మూత జారి పడితే తలారి తీసి మళ్లీ పైన పెట్టాడు.

అప్పటికి నేను విలేకరినై నాలుగు నెలలు. డెబ్బైల మొదట్లో వరుసగా వానలు తప్పిన రోజులవి. నేను నంద్యాలలో పుట్టి పెరిగినవాణ్ని. మా నాయన పత్తి గింజలు తీసే జిన్ను మిల్లులో పనిచేసేవాడు. ఆళ్లగడ్డలో మా మేనత్త ఇంట్లో ఉంటూ, ఒక దినపత్రికకు తాలూకా వార్తలు రాసేవాణ్ని. వార్తను కవరులో పెట్టి సాయంత్రం నాలుగున్నర బస్సు డ్రైవరుకు ఇస్తే నంద్యాలలో మా మనిషి అందుకుని పైకి పంపేవాడు. బస్సు చెడిపోతే వార్త మర్నాటికి పాతబడేది. కరువు వార్తకు మాత్రం ఆ భయం లేదు. అది రోజూ ఒకే తీరుగా ఉండేది. బావిలో నీళ్లు లేవు, గడ్డి లేదు, ఎద్దులను కసాయికి తోలుతున్నారు, గుంటూరు వైపు వలస పోతున్నారు. పది రోజులు అవే రాసి పంపాక పత్రికాఫీసు డెస్కు నుంచి చీటీ వచ్చింది. ఇవన్నీ ఎప్పుడూ ఉండేవే, గంజి కేంద్రాల వల్ల జనానికి మేలు జరుగుతోందా లేదా అది రాయి, అని.

అది తప్పు ప్రశ్న కాదు. నేనే దానికి సులువైన జవాబు వెతుక్కున్నాను.

ఒక సాయంత్రం సైకిలేసుకుని ఆ పాళేనికి పోయాను. దారిలో నేల నెర్రెలు విచ్చి ఉంది. పొద్దు కొండల మీద ఎర్రగా పడుతోంది. సైకిలు చర్చి దగ్గర ఆనించి చూస్తే, అన్ని కప్పుల మీదా పొగ లేస్తోంది. లెక్కపెట్టాను. ముప్పై రెండు ఇళ్లు. ముప్పై రెండింటి మీదా పొగ ఉంది. ఇంటిముందు మంచంలో కూర్చున్న ఒకాయనను తిన్నారా అని అడిగాను. తింటిమప్పా అన్నాడు. ఇంకొకరిని అడిగాను. ఆమె కూడా అదే చెప్పింది. మా వైపు ఆ ప్రశ్నకు ఆ ఒక్క జవాబే ఉంది. తినకపోయినా, తినేందుకు లేకపోయినా, పరాయి మనిషికి తిన్నామనే చెప్తారు. అది నాకు తెలుసు. అడగడం ఎందుకంటే, అడిగినట్టు రాసుకోవడానికి.

ఎనిమిది వాక్యాలు రాశాను. "గంజి కేంద్రం పుణ్యమా అని ఆ పాళెంలో నేడు పొయ్యి వెలగని ఇల్లు లేదు" అన్నది చివరి వాక్యం. డెస్కు వాళ్లు దాన్ని పైకి తెచ్చి శీర్షిక చేశారు. అచ్చులో చూసుకున్న రోజు మా మేనత్త చేత రెండుసార్లు చదివించాను.

ఆ పొగను నమ్మకూడదని ఎవరికైనా తెలియాల్సి ఉంటే అది నాకే. పత్తి అయిపోయి జిన్ను మూసేసిన నెలల్లో మా అమ్మ సాయంత్రం కాగానే పొయ్యి రాజేసేది. కుండలో నీళ్లు పోసి, ఉప్పు గల్లు వేసి, దొరికితే ఇంత చింతచిగురు వేసి పెట్టేది. వీధి తలుపు తీసి ఉంచమని మా నాయనకు చెప్పేది. ఆ నీళ్లు వేడివేడిగా తలా ఒక లోటా తాగి పడుకునేవాళ్లం. మా ఇంటి వరసలో ఇంకా పదిళ్లు ఉండేవి, అందరూ ఆ జిన్నువాళ్లే. వాళ్ల కప్పుల మీదా పొగ లేచేది. వాళ్లింట్లో సంగటి ఉడుకుతోందని నేననుకునేవాణ్ని. జిన్ను మూస్తే అందరికీ పని పోతుందన్నది చిన్నతనంలో నాకు తట్టలేదు. పక్కింటి పొగ నిజమనీ, మా పొగ ఒక్కటే అబద్ధమనీ అనుకుంటూ పెరిగాను. పెద్దయ్యాక కూడా ఆ లెక్క సరిచూసుకోలేదు.

వార్త వచ్చిన వారానికి ఒక చిన్న వాన పడింది. ఆ రెండూ కలిసి గుండిగను బండెక్కించాయి.

మర్నాడు పాళెం బడి అయివారు, నేను కలిసి తాలూకాఫీసుకు పోయాం. గంజి పంచడం చూసుకునేది ఆయనే. నెరిసిన తల, ఉతికి ఉతికి పలచబడిన తెల్ల చొక్కా. ఆదివారం ప్రార్థన చేయించేదీ, వారమంతా అక్షరాలు దిద్దించేదీ ఆయనే. దారి పొడుగునా నాకంటే రెండడుగులు ముందే నడిచాడు. ఆఫీసులో గుమాస్తా ఫైలు తీసి మా ముందు తెరిచాడు. నా వార్త కత్తిరించి, జిగురుతో చక్కగా అతికించి ఉంది. పక్కన ఎర్ర సిరాతో గీత.

"పొగ లేసే ఇంటికి గంజి పోస్తే మమ్మల్ని యాడికి తోలుతారో నీకు తెల్దా విలేకరప్పా?" అన్నాడు.

అది తప్పు వార్త అని చెప్పాను. తప్పైతే పేపర్లోనే తప్పని రాయించుకుని రా, దాన్నీ దీని పక్కనే అతికిస్తానన్నాడు. ఎగతాళికి అన్న మాట కాదు. అతనికి నిజంగానే ఒక కాగితం కావాలి. పై అధికారికి చూపడానికి కాగితం లేకుండా అతను కూడా ఏమీ చేయలేడు.

బయటికొచ్చాక అయివారు గొడుగు విప్పుతూ, "రాసేముందు ఒక్క కుండలోకన్నా తొంగి సూడల్సింది తమ్ముడూ" అన్నాడు.

ఆ సాయంత్రమే సవరణ రాసి బస్సుకిచ్చాను. నాలుగు రోజులకు డెస్కు నుంచి జవాబు వచ్చింది. మన వార్త తప్పని మనమే వేసుకుంటే రేపు ఎవరు నమ్ముతారు, కావాలంటే గంజి కేంద్రం మళ్లీ తెరవాలని ప్రజలు కోరుతున్నట్టు రాయి, అని. అలాగే రాశాను. అది ఇంకో వారానికి, సినిమా ప్రకటన కింద, నాలుగు వరుసల్లో వచ్చింది. నేనే తీసుకుపోయి గుమాస్తాకు ఇచ్చాను. అతను మాట తప్పలేదు, మొదటిదాని పక్కనే అతికించాడు.

కేంద్రం మళ్లీ తెరిచారు. పాళెంలో కాదు, మూడు మైళ్ల దూరంలోని ఇంకో ఊళ్లో. నాలుగైదు పాళేలకు కలిపి అదొక్కటే. పంచిన చోటే తాగాలి, ఇంటికి తీసుకుపోకూడదన్నది నియమం. మోసుకుపోయి అమ్ముకుంటారని పెట్టిన నియమం అది. నడవగలిగిన పిల్లలు పోయి తాగి వచ్చేవాళ్లు. పళ్లు లేని ఆ ముసలామె అంత దూరం నడవలేదు.

తర్వాత జరిగింది అయివారు ఆళ్లగడ్డ బస్టాండులో కనిపించినప్పుడు చెప్పాడు. కోడలు రెండు రోజులు అత్తను వీపున మోసుకుపోయింది. పోయిరావడానికి సగం రోజు పట్టేది. ఆ రెండు రోజులూ కంకర కొట్టే కరువు పనికి పోలేదు. మొగుడు వలస పోయి ఇంకా తిరిగి రాలేదు. ఐదేళ్ల కూతురు ఉంది. మూడో రోజు ముసలామె లేవనంది. నన్ను మోస్తే నీ పని పాయె, పని పోతే బిడ్డకు యట్ల అని అడిగిందట. కోడలు పనికి పోయి, సాయంత్రం వచ్చి, ఉన్న జొన్నపిండి నీళ్లలో కలిపి కాచి పోసింది. ఒక రోజు ఉండేది, ఒక రోజు ఉండేది కాదు. నెల తిరక్కముందే ముసలామె చనిపోయింది. చివరి మూడు రోజులు ఒళ్లు కాలిపోయిందట. మునసబు చావుల రిజిస్టరులో జ్వరం అని రాశాడు.

జ్వరం వచ్చిన మాట నిజమే, అన్నాడు అయివారు. అవునన్నాను. ఆయన బస్సు వచ్చింది, ఎక్కి పోయాడు. ఆ రోజు నేను మార్కెట్ యార్డు వార్త ఒకటి, కోయిలకుంట్ల రోడ్డు మీద లారీ బోల్తా వార్త ఒకటి పంపాను. మేనత్త పెట్టిన అన్నం తిన్నాను. బాధపడ్డానని చెప్పగలిగితే బాగుండేది. చేతికి తిమ్మిరెక్కినప్పుడు ఆ చేయి ఉన్నట్టూ ఉండదు, లేనట్టూ ఉండదు. చాలా ఏళ్లు ఆ సంగతి నాకలాగే ఉంది.

తర్వాతి ఏళ్లలో ఆకలి తగ్గింది. ఆ మాట గట్టిగా చెప్పాలి. ఎందుకంటే మా వృత్తిలో మంచి వార్త చెప్పేటప్పుడు గొంతు తగ్గించే అలవాటు ఒకటుంది. డెబ్బైల చివర పని చేసిన వాళ్లకు గోధుమలిచ్చారు. రోడ్డు వేస్తే గోధుమలు, చెరువు పూడిక తీస్తే గోధుమలు. మా వైపు అదేం గింజో చాలామందికి తెలియదు. జొన్నల్లాగే విసిరి సంగటి కెలికితే జిగురుగా సాగి తెడ్డుకు పట్టుకునేది. ఇది తినేదానికా, గోడకు పోస్టర్లు అంటించేదానికా అని పనిదగ్గర ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు. అలా నవ్వుకుంటూనే తిన్నారు. వలస పోయేవాళ్లు తగ్గారు. కాలువ కింద నంద్యాల చుట్టూ వరి పెరిగింది. కొత్త వంగడాలొచ్చాయి. కాలువ ఊళ్లకు నాట్లకూ కోతలకూ కొండకింది పాళేల వాళ్లు గుంపులుగా పోయి, కూలి కింద వడ్లు తెచ్చుకునేవాళ్లు. తర్వాత ఎనభైల్లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పండగకూ జబ్బుకూ తప్ప వరన్నం ఎరగని ఇళ్లలో మామూలు రోజున వరన్నం ఉడికింది. సంగటి తినేవాళ్లను చిన్నచూపు చూడటం కూడా అప్పుడే మొదలైంది.

అప్పటికి నేను నంద్యాలకు మారాను. కార్డు బియ్యం పల్లెలకు ఎలా అందుతోందో రాయమని డెస్కు అడిగింది. ఏ పల్లె అన్నది నా ఇష్టం. నేనా పాళేనికే పోయాను.

ఈసారి వంట వేళకు పోయి ఇల్లిల్లూ తిరిగి, అడిగి మరీ కుండల్లోకి తొంగి చూశాను. మూడో ఇంటికి పోయేసరికే వీధంతా తెలిసిపోయింది. "యాయ్, కుండలు సూసే అప్ప వస్తాండాడు, మూత తీసి పెట్టండి" అని ఒకామె కేక వేసింది. పిల్లలు నా వెంట పడ్డారు. కుండల్లో అన్నం ఉంది. కొన్ని ఇళ్లలో పప్పు లేదు, ఒట్టి ఊరిమిండి పచ్చడే ఉంది. అన్నం మాత్రం ప్రతి కుండలోనూ ఉంది. రాసుకున్నాను.

ఆ ముసలామె కోడలి ఇల్లు చివరి నుంచి రెండోది. తలలో తెల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయి. మొగుడు తిరిగొచ్చి, కాలువ ఊళ్లో ఒక రైతు దగ్గర జీతానికి ఉన్నాడు. కూతురు నంద్యాలలో మిషన్ హాస్టల్లో ఉండి చదువుతోంది. ఆమె నన్ను గుర్తుపట్టింది. పట్టనట్టు ఉంటుందేమో అనుకున్నాను గానీ, మంచం వాల్చింది. కుండలోకి చూడనివ్వలేదు.

"సూసేదేముండాది, కూకోని తిను. తింటే తెలుస్తాది గదా."

పళ్లెంలో అన్నం పెట్టి, ఊరిమిండి వేసి, నీళ్ల చెంబు పక్కన పెట్టింది. తిన్నాను. అన్నం కాస్త ముక్కిన వాసన వేసింది, అది డిపో బియ్యం వాసన. మారు అడగకముందే పెట్టింది. తినడం అయ్యాక, పన్నెండేళ్లుగా అడగాలనుకుని అడగని మాట అడిగాను. నేను పొగ లెక్కపెట్టిన ఆ సాయంత్రం వాళ్ల పొయ్యి మీద ఏముందని.

"నీళ్లు."

సిగ్గుపడి వెలిగించారా అన్నాను. మా అమ్మ సిగ్గుపడే వెలిగించేదని నేననుకునేవాణ్ని. ఆమె పళ్లెం తీసుకుంటూ నావైపు చూసింది. బళ్లో తప్పు లెక్క చెప్పినవాణ్ని చూసినట్టు ఉంది ఆ చూపు.

"సిగ్గేందప్పా, కడుపు కాల్తావుంటే సిగ్గెవురికుంటాది? మా పొయ్యి ఎలగకుంటే పక్కింటామె సూస్తాది. సూసినాక ఊరకుండలేదు, వాళ్లదాంట్లో నుంచి ఒక ముద్ద తేవల్ల. వాళ్లకాడ ఉంటే గదా తెచ్చేది? వాళ్ల బిడ్డల నోట్లోది మనమెందుకు తినల్ల? అందుకే ఎలిగిస్తిమి. మీ జోలికి రాములే, మీ పాటికి మీరు తినండి అని."

పళ్లెంలో నీళ్లు పోసి, "వాళ్లూ అందుకే ఎలిగించినారేమో. మేమడగల్యా" అంది.

ఆ సాయంత్రం ముప్పై రెండు ఇళ్లవాళ్లు ఒకరినొకరు కాచుకున్నారు. ఆ పొగ చూడాల్సింది పక్కింటివాళ్లు. మధ్యలో నేను చూశాను. మా అమ్మ వీధి తలుపు ఎందుకు తీసి ఉంచమనేదో అప్పుడు తెలిసింది. అప్పటికి అమ్మ లేదు.

చావుల రిజిస్టరు సంగతి ఎత్తాను. మునసబులను తీసేశారు, పాత రిజిస్టర్లు తాలూకా నుంచి కొత్త మండలాఫీసుకు మారాయి, ఇంటివాళ్లు అర్జీ పెడితే కారణం మార్చమని అడగొచ్చు, నేను రాసిస్తాను అన్నాను. అలా మార్చిన దాఖలా నేనెక్కడా వినలేదు. ఆమెకు ఆ మాట చెప్పలేదు.

"మారిస్తే ఏమైతాది?"

కాగితంలో నిజం ఉంటుందన్నాను.

"జ్వరమూ నిజమే గదప్పా" అంది. అయివారు అన్న మాటే. ఆయన అప్పటికి చనిపోయాడు. "పని జూసుకోపో. బస్సు తప్పుతాది."

లేచి చెప్పులేసుకుంటూ, బియ్యం ఎప్పటిదాకా వస్తాయని అడిగాను. ఇరవయ్యో తారీఖుదాకా వస్తాయంది. కాలువ ఊళ్లలో పనులుంటే ఆ పైన కొనుక్కుంటారు. మరి లేకుంటే, అన్నాను. ఆమె వాకిట్లో నీళ్లు చల్లుతోంది. వినిపించిందో లేదో, చెంబు మళ్లీ నీళ్లలో ముంచింది. ఆ రోజు పదో తారీఖు.

వార్త రాశాను. ప్రతి కుండలోనూ అన్నం ఉందని, ఆ రోజు పదో తారీఖని, బియ్యం ఇరవైదాకా వస్తాయని, మూడూ రాశాను. డెస్కు మొదటిది ఉంచి మిగతా రెండూ తీసేసింది. చోటు చాలలేదన్నారు. పాత ఫైలు కొత్త మండలాఫీసులో ఉందో, చెదలు తినేసిందో నాకు తెలియదు. ఆమె అర్జీ పెట్టలేదు. రిజిస్టరులో ఆ ముసలామె పేరు ఎదురుగా జ్వరం అనే ఉంది.

నేను నంద్యాలలో పనిచేసిన చివరి ఏడాది కూడా ఆళ్లగడ్డ మీదుగా ఆ దారిన చాలాసార్లు పోయాను. నెలాఖరు సాయంత్రాల్లో బస్సులోంచి చూస్తే ఆ పాళెంలో అన్ని ఇళ్ల మీదా పొగ కనిపించేది. ఇరవయ్యో తారీఖు దాటాక అక్కడ దిగి కుండల్లోకి నేను చూడలేదు. ఇంకెవరైనా చూసినట్టు ఏ కాగితంలోనూ లేదు.